మంత్రం లేకుండా యోగ, మతం మారకుండా ధ్యానం

2025 జూన్ 21న ఆర్కే బీచ్‌లో అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగాక, విశాఖ నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న పదేపదే కనబడుతోంది. పూజ, మంత్రం, గురుభక్తి జోలికి పోకుండా ఆసనాలు, బౌద్ధ ధ్యానం చేసుకోవచ్చా అని. నిక్షేపంగా చేసుకోవచ్చు. కాకపోతే నమ్మకాన్ని పక్కన పెట్టినవాళ్లు పద్ధతిని మరింత గట్టిగా పట్టుకోవాలి, వాళ్ల చేతిలో మిగిలేది అదొక్కటే కాబట్టి. ఈసారి ఆ ప్రశ్నలకే చోటిచ్చాం.

ప్రశ్న: మేస్టారూ, నాకు 41 ఏళ్లు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. దేవుడి మీద నమ్మకం లేదు. నడుం నొప్పికి మంచిదని కాలనీలో యోగా క్లాసులో చేరితే, ఓంకారం, సూర్య నమస్కారాల మంత్రాలు తప్పనిసరి అంటున్నారు. అవి లేకపోతే ఉత్త కసరత్తే అని అక్కడి మాట. నిజమేనా? ఇంట్లో నేనొక్కణ్ణే చేసుకోవాలంటే ఎలా?
– గాజువాక

జవాబు: ఓంకారం పలికేటప్పుడు ఒంట్లో జరిగేది చూడండి. ఊపిరి ఎనిమిది, పది సెకన్ల పాటు నెమ్మదిగా బయటికి పోతుంది. ఛాతీ, గొంతు, ముఖం సన్నగా కంపిస్తాయి. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. పెదవులు మూసుకుని తుమ్మెదలా 'మ్...' అంటూ ఊపిరి వదిలినా ఇదే జరుగుతుంది. ఆరుసార్లు చాలు. ఇక సూర్య నమస్కారాల మంత్రాలకు భక్తితో పాటు ఇంకో పని కూడా ఉంది: లెక్క తప్పకుండా చూడడం, ఒక నమస్కారానికీ ఇంకోదానికీ మధ్య కాస్త ఆగేలా చేయడం. మీరు ఆ ఆగడాన్ని వదలకండి. నిలబడి మూడు ఊపిరులు లెక్కపెట్టి, తర్వాతది మొదలుపెట్టండి.

యోగాను శరీరానికి సంబంధించిన విద్యగా పరీక్షించి చూడడం నిన్నమొన్నటి ముచ్చటేమీ కాదు. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి ఎక్స్‌రేలు, కొలత పరికరాలతో ఆసనాలను పరిశీలించారు. సూర్య నమస్కారాలను జనంలోకి వ్యాయామంగా తీసుకెళ్లింది ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి. కాబట్టి క్లాసులో అందరూ మంత్రం చెబుతుంటే మీరు మౌనంగా ఊపిరి లెక్కపెట్టుకోండి. వాళ్లతో వాదన పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు నడుం సంగతి. నొప్పి పిరుదు నుంచి కాలిలోకి జాలుగా దిగుతున్నా, పాదం మొద్దుబారుతున్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి, ఆసనాలు తర్వాత. అలా లేకపోతే అరగంట వరస ఇది. నేల మీద జంపఖానా పరవండి. మన ఉక్కపోతకు రబ్బరు మ్యాట్ మీద చెయ్యి జారి మణికట్టు మెలిపడుతుంది. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ పొట్ట దగ్గరికి తెచ్చుకుని ఐదేసి ఊపిరులు ఉండండి. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఉండి, ఊపిరి పీలుస్తూ వెన్ను కిందికి, వదులుతూ పైకి, పదిసార్లు. ఆ తర్వాత సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకి లేపడం) మూడుసార్లు, భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపడం) మూడుసార్లు. భుజంగాసనంలో అందరూ చేసే తప్పు, చేతులతో నేలను తోసి నడుం దగ్గర మడవడం. మోచేతులు వంచే ఉంచి, అరచేతుల మీద దాదాపు బరువు లేకుండా, వీపు కండరాలతో ఛాతీ ఎంత లేస్తే అంతే లేపండి. బెత్తెడు లేచినా చాలు. చివర్లో సూర్య నమస్కారాలు మూడు. ముందుకు వంగినప్పుడు మోకాళ్లు కొద్దిగా మడవండి, వంగడం తుంటి దగ్గర జరగాలి. కాళ్లు నిటారుగా పెట్టి నేల అందుకోవాలని చూస్తే వీపు గుండ్రమై వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం పడుతుంది. నిద్ర లేచిన మొదటి అరగంట డిస్కులు నీరు పట్టి బిగువుగా ఉంటాయి కాబట్టి పక్క మీంచి లేచి వెంటనే వంగొద్దు. చివరికి శవాసనం ఐదు నిమిషాలు.

నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన పొద్దున సూర్య నమస్కారాలు పెట్టుకోకండి, వచ్చే నిద్ర కాస్తా పోతుంది. కాళ్లు గోడకు ఆనించి ఐదు నిమిషాలు పడుకుని, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదిలి, అలాగే నిద్రపోండి. ఆసనాలు లేచాక చేసుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, 29 ఏళ్లు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ధ్యానం చేస్తున్నాను. ఐదు నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. శ్వాసను గమనించమంటారు, గమనిస్తే ఊపిరి బిగుసుకుపోతోంది. ఆలోచనలు ఆగడం లేదు. అసలు నేను చేస్తున్నది ధ్యానమేనా?
– మధురవాడ

జవాబు: కాళ్ల దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఒళ్లు కుదురుగా లేకపోతే మనసును తప్పుపట్టి లాభం లేదమ్మా.

తిమ్మిరికి రెండు కారణాలు. మెత్తటి దిండు మీద కూర్చుంటే అది కుంగిపోయి, దాని అంచు తొడ వెనక నరాన్ని నొక్కుతుంది. లేదా ఒక పాదం ఇంకో కాలి కింద నలుగుతుంది. గట్టి దిండుగానీ, మడతపెట్టిన దుప్పట్లుగానీ నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తు వేసుకుని, దాని ముందు భాగం మీద మాత్రమే కూర్చోండి. తుంటి మోకాళ్ల కంటే ఎత్తులో ఉండాలి. పద్మాసనం అక్కర్లేదు. రెండు పిక్కలూ నేల మీదే ఒకదాని ముందు ఒకటి ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. మోకాలు నేలకు ఆనకపోతే దాని కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి, గాల్లో వేలాడనివ్వకండి. ఇదీ కుదరకపోతే కుర్చీ. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, వీపు కుర్చీకి ఆనకూడదు. కుర్చీలో చేసిన ధ్యానం ఏమాత్రం తక్కువ కాదు. లేచాక తిమ్మిరి రెండు మూడు నిమిషాల్లో పోతే భయం లేదు. పాదం పైకి ఎత్తలేకపోతే మాత్రం ఆ భంగిమ మళ్లీ వేయకండి.

ఊపిరి బిగుసుకుంటున్నదంటే గమనించే బదులు నడిపిస్తున్నారన్నమాట. బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనం మజ్ఝిమ నికాయంలో, ఊపిరి మీద ధ్యానం గురించి చెప్పే ఆనాపానసతి సుత్తంలో (సుత్తం అంటే ఉపదేశం) 16 మెట్లున్నాయి. మొదటి రెండింటిలో చెప్పింది ఇంతే: పొడవైన ఊపిరి పీల్చినప్పుడు పొడవైనదని తెలుసుకోవడం, పొట్టి ఊపిరైతే పొట్టిదని తెలుసుకోవడం. మార్చమని లేదు. మనం మాత్రం 'ఒకటి' అనుకుని ఆ ఒకటికి తగ్గట్టు ఊపిరి లాగుతాం. అందుకని అంకెను ఊపిరి వదిలాకే వేయండి. గాలి పూర్తిగా పోయింది, అప్పుడు 'ఒకటి'. అలా పది వరకు వెళ్లి మళ్లీ ఒకటి. పదిహేడు దాకా వెళ్లిపోతే నోరు లెక్కపెడుతోంది, మనసు ఆఫీసులో ఉందని అర్థం. నొచ్చుకోకుండా ఒకటికి రండి.

ఎక్కడ గమనించాలి? రెండు చోట్లు వాడుకలో ఉన్నాయి. విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్పిన గోయెంకా గారి పద్ధతిలో ముక్కు పుటాలు, పైపెదవి పైన ఉండే చోటు. బర్మా గురువు మహాసి సయాదో పద్ధతిలో పొట్ట, 'ఉబ్బుతోంది, తగ్గుతోంది' అనుకుంటూ. మీలా పొద్దంతా స్క్రీన్ చూసి తల బరువెక్కేవాళ్లకు పొట్టే హాయిగా ఉంటుందని మా అభిప్రాయం. ముక్కు దగ్గర చూస్తే కొందరికి నుదురు బిగుస్తుంది. ఏదైనా ఒకటి ఎంచుకుని నెల రోజులు మార్చకండి.

ఆలోచనలు ఆగవు. ఆపమని ఆనాపానసతి సుత్తం కూడా మొదటి పాఠంగా చెప్పలేదు. వచ్చినట్టు తెలిసిన క్షణంలో 'ఆలోచన' అని మనసులో మెల్లగా ఒక్కసారి అనుకుని పొట్ట దగ్గరికి రండి. శబ్దమైతే 'వినికిడి', మోకాలు లాగితే 'నొప్పి'. పేరు ఒక్కటే, ఒక్కసారే. ఏ ఆలోచన, ఎందుకొచ్చింది అని తవ్వితే అదే ఇంకో ఆలోచన. పది నిమిషాల్లో ముప్ఫైసార్లు తప్పిపోయి ముప్ఫైసార్లు తిరిగొచ్చారంటే ఆ రోజు సాధన బాగా జరిగినట్టే. కండబలం బరువు ఎత్తడం వల్ల వచ్చినట్టు, ఇక్కడ బలం వచ్చేది ఆ తిరిగి రావడం వల్లే.

దురద పుడితే అదొక మంచి పాఠం. వెంటనే గోకకుండా చూడండి: ఎక్కడుంది, పెరుగుతోందా, కదులుతోందా? దురద వేరు, గోకాలన్న తహతహ వేరు అని రెండు మూడు రోజుల్లోనే పట్టుబడుతుంది. సతిపట్ఠాన సుత్తంలో కాయం తర్వాత వేదన అంటూ రెండో భాగంగా చెప్పింది దీన్నే. అనుభూతి హాయిదా, బాధదా, రెండూ కానిదా అని గుర్తించడం. ఇందులో నమ్మాల్సిందేమీ లేదు, ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. మరీ భరించలేకపోతే 'గోకుతున్నాను' అని తెలిసి గోకండి.

మొదటి రెండు వారాలు రోజూ పది నిమిషాలు, తర్వాత పదిహేను, నెల దాటాక ఇరవై. ఆదివారం ఒక్కరోజు గంట కూర్చుని మిగతా ఆరు రోజులు మానేయడం వల్ల మోకాళ్ల నొప్పే తప్ప ఒరిగేది లేదు. నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరవండి, ఇంకా వస్తే లేచి డాబా మీద నడవండి. పది, పన్నెండు అడుగులు వెళ్లి తిరిగి రావడం, పాదం లేపడం, జరపడం, పెట్టడం ఒక్కొక్కటీ తెలుస్తూ. యాప్‌లో గంట శబ్దం మాత్రం ఉంచుకుని మాటలు, సంగీతం తీసేయండి. వాటికి అలవాటు పడితే మీరు గమనించేది వాటినే. వరసగా ఒక పాఠక్రమం కావాలనుకుంటే, 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల పద్ధతి ఉంది. ఇదే బౌద్ధ ధ్యానాన్ని, కొంత హఠయోగాన్ని కలిపి, మతపరమైన మాటలు తీసేసి రోగుల కోసం కూర్చినది.

ప్రశ్న: మేము చర్చికి వెళ్లేవాళ్లం. విపశ్యన చేస్తే బౌద్ధంలోకి వెళ్లినట్టా అని మా ఇంట్లో అడుగుతున్నారండీ.
– మల్కాపురం

జవాబు: ఇంట్లో కూర్చుని ఊపిరి గమనిస్తే ఎవరి విశ్వాసానికీ భంగం లేదు. అందులో ప్రార్థన లేదు, విగ్రహం లేదు. శిబిరానికి వెళ్తే మాత్రం అక్కడేం ఉంటుందో ముందే తెలుసుకోండి. పది రోజుల విపశ్యన శిబిరాలు బుద్ధ, ధర్మ, సంఘాల శరణు చెప్పించడంతో మొదలవుతాయి, పాళీ గాథలు వినిపిస్తారు. అది లాంఛనమే అని నిర్వాహకులు వివరిస్తారు. మీ మనసుకు ఇబ్బంది అనిపిస్తే ఇంటి సాధనతో ఆగిపోండి. దీన్ని బౌద్ధం నుంచి తీసుకున్నామని ఒప్పుకుంటూనే చేయండి. పేరు మార్చి, మూలం దాచి చేయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ప్రశ్న: అయ్యా, నాకు 64 ఏళ్లు, పోర్టులో చేసి రిటైరయ్యాను. బీపీ, షుగరు ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. బీచ్ రోడ్డులో మా బృందంతో పొద్దున్నే పరగడుపున కపాలభాతి పావుగంట చేస్తాం. మెదడుకు ఆక్సిజన్ బాగా అందుతుందని చెప్పారు. ఈ మధ్య వేళ్లు జిలజిలమంటున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. విషాలు పోతున్నాయి, కొనసాగించండి అంటున్నారు.
– సీతమ్మధార

జవాబు: రేపటి నుంచి కపాలభాతి ఆపేయండి. డాక్టరు గారికి ఈ రెండు లక్షణాలూ చెప్పండి.

జిలజిలకు విషాలతో సంబంధం లేదండీ. వేగంగా, బలంగా ఊపిరి కొడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది తగ్గితే రక్తపు ఆమ్లత మారి, నరాలు చురుక్కుమని వేళ్ల కొనలు, పెదవులు జిలజిలమంటాయి. మెదడులో రక్తనాళాలు సన్నబడి రక్తం తక్కువగా వెళ్తుంది, కళ్లు తిరిగేది అందుకే. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 95 శాతానికి పైగా నిండి ఉంటుంది. అదనంగా నింపేందుకు చోటు లేదు. దేవుణ్ణి పక్కన పెట్టి చేస్తున్నామని చెప్పుకునే బృందాల్లోనే ఈ విషాలు, ఆక్సిజన్ కథలు ఎక్కువగా వినబడడం మాకు బాధగా ఉంది. సైన్సు మాటలు తొడుక్కున్న మూఢనమ్మకం కూడా మూఢనమ్మకమే. మంత్రం వల్ల మీకు కళ్లు తిరిగేవి కావు, దీనివల్ల తిరుగుతున్నాయి.

అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, హెర్నియా, గ్లాకోమా, మూర్ఛ, గర్భం, ఈమధ్యే జరిగిన పొట్ట ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టడం వద్దు. గ్లాకోమా ఉన్నవాళ్లు శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలూ వేయకూడదు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా కపాలభాతిలో పొట్టతో సెకనుకు ఒక్కసారి మించకుండా ఇరవై, ముప్ఫైసార్లు ఊపిరి బయటికి కొట్టి, నిమిషం ఆగాలి. అలా మూడు విడతలు చాలు. పీల్చడం దానంతటదే జరగాలి. బలంగా లాగుతున్నారంటే అది భస్త్రిక అయిపోయింది.

మీకు సరిపడేది నెమ్మది ఊపిరి. కుర్చీలోనో బీచ్ గోడ మీదో కూర్చుని, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, మధ్యలో ఆపొద్దు. నిమిషానికి ఆరు ఊపిరులు పడతాయి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పది దాకా. ఆయాసం అనిపిస్తే మూడు, నాలుగుకు తగ్గించండి.

పరగడుపు సంగతి కూడా ముఖ్యం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో గంటసేపు నడక, ఆసనాలు చేస్తే షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, తత్తరపాటు వస్తే కూర్చుని పరీక్ష చేసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. యంత్రం దగ్గర లేకపోతే ఆగకుండా పంచదార తాగేయండి. బయల్దేరే ముందు రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో తినవచ్చా అని డాక్టరు గారిని అడగండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు శవాసనం నుంచి ఒక్కసారిగా లేవకూడదు. పక్కకు తిరిగి అర నిమిషం, కూర్చుని అర నిమిషం, అప్పుడు నిలబడాలి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఏకాగ్రత కోసం వీడియోలు చూసి రోజుకు రెండు పూటలా గంటేసి కూర్చుంటున్నాను. పది రోజులుగా ఏదో భయం. నేను నేను కానట్టు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు ఉంటోంది. నిద్ర రావడం లేదు. పది రోజుల శిబిరానికి వెళ్తే సర్దుకుంటుందని స్నేహితులు అంటున్నారు. వెళ్లమంటారా అక్కా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: ఇప్పుడు వెళ్లొద్దు తమ్ముడూ. కూర్చోవడం కూడా కొన్నాళ్లు పూర్తిగా ఆపేయి. నువ్వు చెప్పిన లక్షణాలు ఎక్కువ సేపు, తోడు లేకుండా ధ్యానం చేసేవాళ్లలో కొందరికి వస్తాయి. పరీక్షల ఒత్తిడి, నిద్రలేమి తోడైతే ముదురుతాయి. ఇది నీ తప్పు కాదు, అలాగని సాధన పండుతున్న గుర్తూ కాదు. 'దాటుకుని వెళ్లు' అని ఎవరైనా అంటే ఆ మాట వినకు.

కళ్లు మూసుకునే పనులేవీ వద్దు. భయం వచ్చినప్పుడు చెప్పులు తీసి నేల మీద నిలబడి, అరికాళ్లకు తగిలే చల్లదనం, గరుకుదనం గమనించు. కనబడుతున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పు. ముఖం మీద చన్నీళ్లు కొట్టుకో. వేళకు భోంచెయ్యి, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానెయ్యి, సాయంత్రం ఎవరితోనైనా మాట్లాడుతూ అరగంట నడువు. ఇంట్లో ఒకరికి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

పది రోజులుగా నిద్ర లేదంటున్నావు కాబట్టి ఈ వారమే మానసిక వైద్యుణ్ణి కలువు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. లేని గొంతులు వినబడినా, చచ్చిపోవాలనిపించినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

శిబిరం అంటే ఏమిటో తెలిస్తే ఎందుకు వద్దంటున్నామో తెలుస్తుంది. తెల్లవారుజామున 4కు లేవాలి. రోజుకు సుమారు పది గంటలు కూర్చోవాలి. పదో రోజు వరకు తోటివాళ్లతో మాట ఉండదు, ఫోన్ ఉండదు, కొత్తవాళ్లకు సాయంత్రం పండు, టీ మాత్రమే. మొదటి మూడు రోజులు ఊపిరి, నాలుగో రోజు నుంచి ఒళ్లంతా గమనించడం. ఫీజు లేదు, పూర్తి చేశాక ఇష్టమైతే విరాళం. మంచి శిక్షణే, కానీ కుదురుగా ఉన్న మనసుకు. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, అక్కడ ఎవరూ దాచకూడదు. నువ్వు కోలుకుని, వైద్యుడు సరేనన్నాక, మొదట రోజుకు పది నిమిషాలు, అదీ కళ్లు తెరిచి, నడుస్తూ.

ప్రశ్న: మా కాలేజీ పిల్లలు ఇరవై మందిని తొట్లకొండకు తీసుకెళ్లి ధ్యానం చేయించాలనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటుందా?
– భీమిలి

జవాబు: తీసుకెళ్లండి. అక్కడ భిక్షువులు సుమారు రెండు వేల ఏళ్ల కిందట నివసించారు. 1976లో నౌకాదళం సర్వేలో ఆ చోటు బయటపడింది, 1988 నుంచి కొన్నేళ్ల పాటు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, విహారాల గదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఒక్కొక్కటీ చూపించి, ఇక్కడివాళ్లు రోజంతా ఏం చేసేవారో ముందు చెప్పండి. ధ్యానం తర్వాత. ఇది రక్షిత కట్టడం కాబట్టి బృందంగా కూర్చోవడానికి అక్కడి సిబ్బందిని ముందే అడగండి. ఇటుక గోడల మీద, స్తూపం మీద ఎక్కనివ్వకండి. దీపాలు, అగరొత్తులు వద్దు. కొండ మీద నీడ తక్కువ, ఎండ తొమ్మిదింటికే చురుక్కుమంటుంది. పొద్దున్నే వెళ్లి, పదిహేను నిమిషాలు నడక ధ్యానం, పది నిమిషాలు కూర్చోవడం, అంతకు మించి పెట్టకండి. కళ్లు మూసుకోవడం ఇష్టం లేని పిల్లల్ని బలవంతం చేయొద్దు, సముద్రం వైపు చూస్తూ కూర్చున్నా సరే.

ప్రశ్న: బ్రహ్మముహూర్తంలో చేస్తేనే ఫలితమా?
– పెందుర్తి

జవాబు: ఆ వేళకు ఉన్న సుగుణం నిశ్శబ్దం, ఖాళీ కడుపు, చల్లదనం. అవి ఎప్పుడు దొరికితే అప్పుడే చేసుకోండి. భోజనం తర్వాత మూడు గంటలు, టిఫిన్ తర్వాత గంటన్నర ఆగి ఆసనాలు వేయండి, ధ్యానానికి గంట చాలు. పొద్దున్న పిల్లల బాక్సుల హడావుడి ఉండే ఇళ్లలో సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య, రాత్రి భోజనానికి ముందు పెట్టుకుంటే సాధన ఎక్కువ రోజులు నిలబడుతుంది.